తెరచి చదువబడు వ్యాపారలేఖ

1978 మే నెలలో, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అను అమెరికా కంప్యూటర్ల కంపెనీలో విక్రయవిభాగమున నుండిన గారీ థ్యూర్క్, తమ నూతనయంత్రముల ప్రదర్శనకు రమ్మని కోరుచు, నేటి ఇంటర్నెట్టుకు పూర్వరూపమైన ఆర్పానెట్టు నందలి సుమారు 400 మందికి ఒక్కమారుగా ఈమెయిలు సందేశము పంపెను. దానివలన యంత్రములు బాగుగ అమ్ముడుపోయినవని ఆయన తరువాత చెప్పెను. కాని అడుగకయే వచ్చిన ఆ ప్రకటనపై నాడు చెలరేగిన ఆగ్రహము నేటికిని చల్లారలేదు. పిలువని పేరంటమునకు వచ్చినవారిని ఎవ్వరును సంతోషముతో లోనికి ఆహ్వానింపరు గదా!

ఈమెయిలుతో వ్యాపారము చేయు విద్యకంతటికిని మూలము అనుమతియేనని నా దృఢాభిప్రాయము. చదువరి తానై చిరునామా యిచ్చి ఫలానా సంగతి తెలుపుమని కోరినపుడు, ఆ సంగతినే తెలుపు సందేశము సామాన్యమైన మాటలలో నున్నను చదువబడును. ఎవరివద్దనో కొనితెచ్చిన చిరునామాల పట్టికకు ఎంత రమ్యముగా వ్రాసి పంపినను ఆ శ్రమ వ్యర్థమే.

అనుమతి యున్నను, మొదటి పరీక్ష ఫోను తెరపైననే జరుగును. అచ్చట చదువరికి కనబడునవి పంపినవారి పేరు, సబ్జెక్టు లైనులోని కొలదిమాటలు, దానిక్రింద లేతరంగున సందేశపు తొలివాక్యము మాత్రమే. అంతటి విలువగల ఆ తొలివాక్యపుచోట ‘ఈ సందేశము సరిగా కనబడనిచో ఇచ్చట నొక్కుడు’ అను మాటలను వదలివేయు కంపెనీలు ఎన్నియో కలవు! పంపినవారి పేరు స్థానమున ‘జవాబు వ్రాయవలదు’ అను అర్థమిచ్చు చిరునామాను నిలుపుట అంతకంటె శోచనీయము.

సబ్జెక్టు లైను మహిమను 2012 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికలలో ఒబామా ప్రచారవర్గమువారు ప్రత్యక్షముగ చూచిరి. ఒక్కొక్క విరాళాభ్యర్థనకు పదునెనిమిది వరకు పాఠాంతరములు సిద్ధపరచి, వానిని ముందుగా కొలదిమందికి పంపి, గెలిచినదానినే లక్షలాది జనులకు పంపుట వారి పద్ధతి. ‘నాకంటె వారే ఎక్కువ ఖర్చు పెట్టనున్నారు’ అను అర్థముగల సబ్జెక్టు లైను 26 లక్షల డాలర్లకు పైగా తెచ్చిపెట్టగా, ఆ పరీక్షలోనే అట్టడుగున నిలిచినదానిని పంపియున్నచో సుమారు 4 లక్షలు మాత్రమే వచ్చియుండెడివని లెక్క తేలెను. ఆప్తుడు పలుకరించినట్లు ‘హే’ యని మాత్రమే యున్న సబ్జెక్టు లైను అమితముగ ఫలించెను. ఏది గెలుచునో ముందుగా ఊహించుటలో ఆ నిపుణులే పలుమార్లు విఫలులైరి. గెలిచిన ఉపాయము సైతము కొన్నాళ్లకు పాతబడి, మరల కొత్తదానిని వెదుకవలసి వచ్చెడిది.

పరీక్షకు కొలబద్ద మాత్రము సరియైనదిగా నుండవలెను. 2021 నుండి ఆపిల్ మెయిలు, వినియోగదారుడు సమ్మతించినచో, సందేశములలోని బొమ్మలను అతడు తెరవకమునుపే దింపుకొనుచున్నది గనుక, బొమ్మలు దిగుటనుబట్టి కట్టు ‘ఎందరు తెరచిరి’ అను లెక్కను నమ్మరాదు. లింకు నొక్కినవారిని, కొన్నవారిని, జవాబు వ్రాసినవారిని లెక్కింపవలెను.

ఇక వలదన్నవానిని వెంటనే విడిచిపెట్టుట మర్యాద మాత్రమే కాక, నేడు నియమము కూడ. జీమెయిలు చిరునామాలకు దినమునకు 5000కు మించి సందేశములు పంపువారు, ప్రకటనలన్నిటియందును ఒక్క నొక్కుతో తొలగిపోవు వీలు కల్పింపవలెననియు, ఫిర్యాదులు వేయింటికి మూడు చేరకుండ చూచుకొనవలెననియు గూగుల్ 2024 నుండి శాసించుచున్నది. తొలగిపోవు దారిని సన్నని అక్షరములలో దాచినచో, విసిగిన చదువరి స్పాము మీట నొక్కును. అట్టి నొక్కులు పెరిగినకొలది, కోరి పేరిచ్చినవారికి వ్రాసిన సందేశములు కూడ స్పాము పెట్టెలోనికే పోవును.