ఫీజు ఎంతండీ?

టెక్సస్‌లోని మా కాపెల్‌లో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా, ఆ ఇంట్లో పదకొండో క్లాసు చదివే పిల్లో పిల్లాడో ఉంటే చాలు, పప్పన్నం అయ్యేలోగా మాట కాలేజీ మీదికి మళ్ళుతుంది. "ఆస్టిన్‌లో ఫీజు ఎంతండీ?" అని ఒకరు అడుగుతారు. "రిచర్డ్‌సన్‌లో అయితే ఇంటి నుంచే వెళ్ళి రావచ్చు కదండీ" అంటారు ఇంకొకరు. ఆ మొదటి ప్రశ్నతోనే నాకు పేచీ. ఫీజు అడిగితే ఫీజే తెలుస్తుంది, చదువు ఖర్చు తెలియదు.

మొదటి లెక్కలో ఆగే ఖర్చు అరుదు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. మేస్త్రీ మొదట చెప్పిన అంచనాలోనే గృహప్రవేశం చేసినవాళ్ళు ఎంతమంది? సిడ్నీలో ఒపెరా హౌస్ కట్టడానికి 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు చాలన్నారు, 1963కల్లా పూర్తవుతుందన్నారు. తలుపులు తెరిచింది 1973లో, అయిన ఖర్చు 10 కోట్ల 20 లక్షలు. డేనియల్ కానమన్, ఎమోస్ ట్వెర్స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో దీని గుట్టు విప్పారు. మన పని గురించి మనం అంచనా వేసేటప్పుడు అంతా సాఫీగా సాగుతుందనే ఊహించుకుంటామట. 1994లో అచ్చయిన ఒక కెనడా అధ్యయనం దీన్ని విద్యార్థుల మీదే చూపించింది. థీసిస్ ఎన్నాళ్ళలో పూర్తిచేస్తారని అడిగితే, సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితేనో అంటే 49 అన్నారు. నిజంగా పట్టింది 55 రోజులకు పైనే! చూశారా, భయపడి వేసిన లెక్క కూడా చాలలేదు.

దీనికి కానమన్, ట్వెర్స్కీ చెప్పిన మందు చాలా సులువు. మీ ప్లాన్‌ని పక్కనపెట్టి, మీలాంటి వాళ్ళకి ఇంతకుముందు ఎంత అయిందో చూడండి.

చదువు విషయంలో ఆ పని అమెరికా చట్టం ముందే చేసిపెట్టింది. ప్రతి యూనివర్సిటీ ఏటా "కాస్ట్ ఆఫ్ అటెండెన్స్" అనే లెక్క ప్రకటిస్తుంది. అందులో ట్యూషన్ ఫీజుతో పాటు పుస్తకాలు, ఉండటానికీ తినడానికీ అయ్యేది, రాకపోకలు, చిల్లర ఖర్చులు కూడా ఉంటాయి. హాస్టల్లో ఉండేవాళ్ళకి ఒక లెక్క, అమ్మానాన్నలతో ఉండేవాళ్ళకి ఇంకొకటి. ఇంటి నుంచి వెళ్ళే పిల్లల జీవన ఖర్చుకి సున్నా వేయకూడదని చట్టంలోనే రాసి ఉంది. నాకు బాగా నచ్చిన మాట అది. ఇంట్లో ఉన్న పిల్లాడూ అన్నం తింటాడు, కారులో గ్యాసూ పోయిస్తాడు.

ఆ మొత్తంలోంచి మీకొచ్చే గ్రాంట్లు, స్కాలర్‌షిప్‌లు తీసేస్తే మిగిలేదే మీ అసలు ఖర్చు. లోన్ తీసేయకూడదు సుమా, అది తిరిగి కట్టాల్సిన డబ్బు. కాలేజీ పంపే ఉత్తరంలో లోన్‌నీ గ్రాంట్‌నీ పక్కపక్కనే వేస్తారు, కళ్ళజోడు పెట్టుకుని చదవండి. 2011 నుంచి కాలేజీల వెబ్‌సైట్లలో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ తప్పనిసరి. మీ ఆదాయం వివరాలు ఇస్తే సుమారు లెక్క చెబుతుంది.

ఇక కాలం సంగతి. ఇటలీలో లూకా పాచోలీ 1494లో అచ్చువేసిన గణిత పుస్తకంలో ఒక చిట్కా ఉంది. 72ని వడ్డీ రేటుతో భాగిస్తే, సొమ్ము ఎన్నేళ్ళలో రెట్టింపవుతుందో తెలుస్తుంది. చదువు ఖర్చు ఏటా 4 శాతం పెరుగుతుందనుకోండి. 72ని 4తో భాగిస్తే 18. అంటే పాప పుట్టిననాడు లక్ష డాలర్లయ్యే చదువు, పాప కాలేజీలో చేరేనాటికి రెండు లక్షలు. అదే లెక్క మన వైపు కూడా పనిచేస్తుంది. 5 శాతం రాబడితో నెలకి 200 డాలర్లు పుట్టినప్పటి నుంచీ దాస్తే 18 ఏళ్ళకి దాదాపు 70,000 అవుతుంది. మీరు వేసింది 43,200 మాత్రమే. పదేళ్ళు నిండాక మొదలుపెడితే చేతికొచ్చేది దాదాపు 23,500. అదే 529 అనే చదువు పొదుపు ఖాతాలో దాచి, చదువు ఖర్చులకే తీస్తే ఆ లాభం మీద ఫెడరల్ ట్యాక్స్ కూడా ఉండదు.

మన కాపెల్ వాళ్ళ లెక్కలో ఇంకో గడి ఉంది. హెచ్-4 అనే డిపెండెంట్ వీసా మీద ఉన్న పిల్లలకి టెక్సస్ నివాసం రుజువైతే ఇన్-స్టేట్ ఫీజే పడుతుంది. కానీ ఫాఫ్సా అనే దరఖాస్తుతో వచ్చే ఫెడరల్ సాయం వాళ్ళకి రాదు. పైగా 21 ఏళ్ళు నిండితే ఆ వీసాయే చెల్లదు, అంటే చదువు మధ్యలోనే వీసా మారాలి. ఈ రెండూ మొదటిరోజే కాగితం మీద రాసుకోవాలి.

తగ్గించుకునే దారులూ ఉన్నాయి. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీలన్నిటికీ ఉమ్మడిగా 42 క్రెడిట్ల కోర్ ఉంటుంది, డిగ్రీ మొత్తం సాధారణంగా 120. ఆ కోర్‌ని డాలస్ కాలేజీ అనే కమ్యూనిటీ కాలేజీలో పూర్తిచేసుకుని వెళ్తే, రాష్ట్రంలోని ఏ ప్రభుత్వ యూనివర్సిటీ అయినా ఒప్పుకోవాల్సిందే. హైస్కూల్లో రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలో 3 వచ్చినా మామూలుగా క్రెడిట్ ఇవ్వాలని 2015లో చట్టం చేశారు. రిచర్డ్‌సన్‌లో ఉన్న యూటీ డాలస్‌లో అయితే చేరిన ఏడాది ట్యూషన్ రేటు నాలుగేళ్ళూ మారదు. యూటీ ఆస్టిన్‌లో ఇంజనీరింగ్‌కీ, బిజినెస్‌కీ మిగతావాటికన్నా ఫీజు ఎక్కువ, కాబట్టి ఊరి పేరొక్కటే చూసి లెక్క వేయకండి.

అమ్మానాన్నలకి నాదొక్కటే మనవి. ఈ లెక్క పిల్లల చాటున వేయకండి. పదహారేళ్ళ పిల్లకి కాల్క్యులస్ వచ్చినప్పుడు ఇంటి లెక్క రాదా? ఈ శనివారం పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని మూడు కాలేజీల కాలిక్యులేటర్లు తెరవండి, వచ్చిన ఏడాది లెక్కని నాలుగుతో హెచ్చించి, ఆ మొత్తం మీద మరో పదో పదిహేనో శాతం కలపండి, అప్పుడు అప్లికేషన్లు పెట్టండి.