ఆడని బొమ్మల్లో అసలు పాఠాలు!

సినిమా చదువుకోవాలని పెట్టె సర్దుకునే ప్రతి కుర్రాడికీ, ప్రతి అమ్మాయికీ తప్పని ప్రశ్న ఒకటుంది: “నీకు బాగా నచ్చిన చిత్రమేది?”

జవాబు దాదాపు అందరి దగ్గరా తయారుగానే ఉంటుంది. మాయాబజార్, మల్లీశ్వరి, శంకరాభరణం... అడిగినవాళ్ళు తలూపుతారు. చెప్పినవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. తప్పేముంది? మూడూ మేలిముత్యాలే! కాని ఆ జవాబులో చెప్పినవాడి అభిరుచి ఎంత, పదిమంది అనగా విన్నది ఎంత? పరీక్షలో పక్కవాడి పేపరు చూసి వేసిన లెక్క కూడా కరెక్టే అవుతుంది. అంతమాత్రాన లెక్క వచ్చినట్టా?

ఇప్పుడు గాండ్లపెంట నుంచి ఓ కుర్రాడు బయల్దేరాడనుకోండి. అదే, కదిరి దగ్గరి గాండ్లపెంట. మొన్నమొన్నటిదాకా అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఆ కుర్రాడు ఇంటర్వ్యూలో కూర్చుని, తడుముకోకుండా “యోగి వేమన” అన్నాడనుకోండి. ఎదుటివాళ్ళు కొంచెం ఆశ్చర్యపోవచ్చు. “భక్తి చిత్రమా?” అని అడగనూవచ్చు. కాని ఆ జవాబు చెప్పే హక్కు ఆ కుర్రాడికి ఉన్నంతగా ఇంకెవరికీ లేదు!

ఎందుకంటారా? వేమన సమాధి ఉన్న కటారుపల్లి ఆ గాండ్లపెంట మండలంలోదే. వేమన ఎక్కడ పుట్టాడు, ఎప్పుడు బతికాడు అన్నదాని మీద పండితులు తలా ఒక మాట చెబుతారు గానీ, సమాధి అనగానే అందరూ చూపించేది కటారుపల్లి వైపే. ఇక ఆ వేమన్నను తెరకెక్కించిన దర్శకుడెవరు? కె.వి.రెడ్డి. పూర్తి పేరు కదిరి వెంకటరెడ్డి. ఇంటిపేరులోనే కదిరి ఉన్న ఈ పెద్దమనిషి 1912లో తాడిపత్రిలో పుట్టాడు. అంటే కథానాయకుడూ, కథ చెప్పినవాడూ ఇద్దరూ ఈ సీమకి దగ్గరివాళ్ళే.

హిట్టుకీ హిట్టుకీ నడుమ

వాహినీ వారి ‘యోగి వేమన’ 1947 ఏప్రిల్‌లో విడుదలైంది. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి ఇంకా నాలుగు నెలలుంది. రచన సముద్రాల రాఘవాచార్య, ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లే, వేమనగా చిత్తూరు నాగయ్య. అంతకుముందు ఇదే సంస్థ, ఇదే దర్శకుడు, ఇదే నాగయ్య కలిసి తీసిన ‘భక్త పోతన’ విజయఢంకా మోగించింది. అదే జట్టు మళ్ళీ కలిస్తే జనం విరగబడాలి కదా! విమర్శకులు మెచ్చుకున్నారు, నాగయ్య నటనకు జేజేలు పలికారు. బాక్సాఫీసు మాత్రం పోతనకి పరిచిన తివాచీ వేమనకి పరవలేదు.

ఎందుకు పరవలేదో నాకు తోచింది చెబుతాను. పోతన మొదటి నుంచీ మంచివాడు. కష్టాలు పడతాడు, దేవుడు ఆదుకుంటాడు. ప్రేక్షకుడు చేతులు జోడించి బయటికొస్తాడు. వేమన సంగతి అది కాదు. మోహనాంగి అనే వేశ్య వ్యామోహంలో, కట్టవలసిన సర్కారు సొమ్మును నీళ్ళలా ఖర్చు చేసేస్తాడు. ఆ తప్పు అన్న మెడకి చుట్టుకుంటుంది. దాన్ని దిద్దుకోవడానికి మిత్రుడు అభిరాముడితో కలిసి బంగారం తయారుచేసే పనిలో పడతాడు. ఆ పిచ్చిలో రాత్రీ పగలూ తెలియదు, ఇల్లూ వాకిలీ గుర్తుండదు. ఇంట్లో అన్న కూతురు జ్యోతి, వేమనకి ప్రాణంలాంటి పసిపిల్ల, జబ్బుపడుతుంది. బంగారం చేతికొచ్చే వేళకి పాప చేజారిపోతుంది.

ఆకాశం నుంచి ఏ దేవుడూ దిగిరాడు. పాప తిరిగి లేవదు. ఆ బంగారాన్ని ఏం చేసుకోవాలి? ఈ ఒక్క ప్రశ్నలోంచే యోగి పుడతాడు!

చూశారా కథ కట్టిన తీరు? “వేమనకి వైరాగ్యం కలిగింది” అని పుస్తకంలో ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. తెరమీద సరిపోదు. వైరాగ్యాన్ని కెమెరా ఫొటో తీయలేదు. అందుకని ఆ వాక్యాన్ని కె.వి.రెడ్డి, సముద్రాల కలిసి రెండు వస్తువులుగా మార్చారు: ఒక బంగారు ముద్ద, ఒక పసిపాప. ఒకటి వస్తుంటే ఇంకొకటి పోతుంటుంది. అంతే! ఉపన్యాసం అక్కర్లేదు, వెనకనుంచి వ్యాఖ్యానం అక్కర్లేదు. సినిమా రచన అంటే ఇదీ. ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చేరినా ఇంతకన్నా మంచి మొదటి పాఠం దొరకదు.

తర్వాతి సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. వేమన తర్వాత కె.వి.రెడ్డి జానపదాల దారి పట్టాడు. 1949లో ‘గుణసుందరి కథ’, 1951లో ‘పాతాళభైరవి’. ఆ పాతాళభైరవిలో తోటరాముడికి రాకుమారి దక్కాలంటే ఏం కావాలి? డబ్బు! మాంత్రికుడి వెంట వెళతాడు, పాతాళభైరవిని సాధిస్తాడు, కోరినంత సంపద వస్తుంది. బంగారం వస్తే మనిషి పోతాడన్న దర్శకుడే, నాలుగేళ్ళు తిరిగేసరికి బంగారం వస్తే రాకుమారి వస్తుందన్నాడు. జనం మొదటిదానికి మొహమాటంగా నవ్వి, రెండోదానికి హౌస్‌ఫుల్ బోర్డు కట్టారు. ఇందులో కె.వి.రెడ్డిని తప్పుపట్టేదేం లేదు, రెండూ ఆయన చేతి చలవే. కాని ఆయన్ని పూర్తిగా తెలుసుకోవాలంటే రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఒక్క పాతాళభైరవి చూసి వదిలేస్తే సగం కె.వి.రెడ్డే దొరుకుతాడు.

ఇంకో బంగారం, ఇంకో పాప

బంగారం, పాప అనగానే నా జాబితాలో రెండో చిత్రం దానంతటదే ముందుకొస్తుంది: బి.ఎన్.రెడ్డి ‘బంగారు పాప’, 1955. బి.ఎన్. కూడా ఈ చుట్టుపక్కల మనిషే, పులివెందుల తాలూకా కొత్తపల్లివాడు. ‘మల్లీశ్వరి’ తీసిన చేత్తోనే ఇదీ తీశాడు. మూలం ఇంగ్లీషు రచయిత్రి జార్జ్ ఇలియట్ 1861లో రాసిన ‘సైలస్ మార్నర్’ నవల. అందులో ఒక ఒంటరి నేతగాడు కూడబెట్టుకున్న బంగారం పోగొట్టుకుంటాడు, దాని బదులా అన్నట్టు ఇంట్లోకి ఒక పసిపిల్ల వచ్చి చేరుతుంది. దాన్ని తెలుగుగడ్డ మీద నాటడానికి బి.ఎన్. ఎంచుకున్న రచయిత పాలగుమ్మి పద్మరాజు. ‘గాలివాన’ కథతో ప్రపంచ కథల పోటీలో బహుమతి కొట్టిన పద్మరాజుగారే!

తెలుగులో నేతగాడు పోయి కోటయ్య వచ్చాడు. చెయ్యని నేరానికి జైలుకెళ్ళి, లోకం మీద కక్షతో తిరిగొచ్చిన మొరటు మనిషి. పగ తీర్చుకోవడానికి బయల్దేరినవాడికి దారిలో దిక్కులేని పాప ఏడుపు వినిపిస్తుంది. ఎత్తుకున్నాడో... పగ సడలిపోతుంది. వేమన పాపను పోగొట్టుకుని మారాడు, కోటయ్య పాప దొరికి మారాడు. కోటయ్యగా ఎస్.వి.రంగారావుని చూడండి. మనకి ఆయన అనగానే నేపాళ మాంత్రికుడు గుర్తొస్తాడు, ఘటోత్కచుడు గుర్తొస్తాడు. ఆ గదా లేదు, ఆ గడ్డమూ లేదు, ఆ హూంకరింపూ లేదు. ఇక్కడున్నది ఒక పసిదాన్ని ఎలా పట్టుకోవాలో తెలియని రెండు పెద్ద చేతులు!

ఈ చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది. మల్లీశ్వరికి దక్కిన జనాదరణ మాత్రం రాలేదు. ఇవాళ బి.ఎన్.రెడ్డి పేరు చెబితే పదిమందిలో తొమ్మిదిమంది ‘మల్లీశ్వరి’ అంటారు. పదోవాడు ‘బంగారు పాప’ అంటే వాడితో స్నేహం చేయండి!

మూడోది గుత్తా రామినీడు దర్శకత్వంలో 1960లో వచ్చిన ‘చివరకు మిగిలేది’. బుచ్చిబాబు నవల పేరు పెట్టారు గానీ కథ అది కాదు. బెంగాలీలో సుచిత్రాసేన్ నటించిన ‘దీప్ జ్వెలె జాయ్’ దీనికి ఆధారం. హిందీలో తర్వాత వహీదా రెహమాన్‌తో ‘ఖామోషీ’ అయింది కూడా ఇదే. మనసు చెదిరిన రోగికి ప్రేమను మందులా ఇవ్వాలి, అదీ నటనగా. ఇది నర్సు ఉద్యోగం. రోగులు బాగై ఇంటికెళ్ళిపోతారు. మరి ఆ నర్సు మనసుకి మందెవరిస్తారు? నర్సుగా సావిత్రి. నటించడాన్నే నటించి చూపించాలి. పైకి నటన, లోపల నిజం, రెండూ ఒకే ముఖంలో కనపడాలి. ‘దేవదాసు’ పార్వతినీ, ‘మాయాబజార్’ శశిరేఖనీ నెత్తిన పెట్టుకున్న ప్రేక్షకులు ఈ నర్సమ్మను మాత్రం ఒంటరిగా వదిలేశారు. బొమ్మ ఆడలేదు.

ఆడనిదల్లా గొప్పదేనా?

ఇక్కడ మీరో ప్రశ్న అడుగుతారు, అడగాలి కూడా. “అయితే జనం చూడనిదల్లా కళాఖండమేనా? జనానికి బుర్ర లేదా?”

అలా అన్నవాడికి సినిమా చదువు అక్కర్లేదు, చెంపదెబ్బ చాలు! ఆడని చిత్రాల్లో నూటికి తొంభై ఆడకపోవడానికి తగినవే. ఆడినవాటిలో మహత్తరమైనవీ ఉన్నాయి. మాయాబజార్‌ని 1957లో జనం చూశారు, 2010లో రంగులద్దితే మళ్ళీ చూశారు, 2013లో సి.ఎన్.ఎన్-ఐ.బి.ఎన్. టీవీ వారి ఓటింగులో భారతీయ చిత్రాలన్నింటిలోకీ మొదటి స్థానంలో కూర్చోబెట్టారు. జనం తప్పు చేశారా? లేదే!

నేను చెప్పొచ్చేదేమంటే, వసూళ్ళు చెప్పేది ఆ వారం హాల్లో ఎంతమంది కూర్చున్నారన్న సంగతి. కథలో ఏముందన్నది వేరే సంగతి. మొదటిదానికి లెక్కలుంటాయి, రెండోదానికి మన కళ్ళు తప్ప సాక్ష్యం లేదు. పైగా విద్యార్థికి హిట్టు చిత్రం ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. పాట బాగుందా, తార బాగుందా, ట్రిక్కు బాగుందా, కథ బాగుందా, దేనివల్ల ఆడిందో విడదీయడం కష్టం. విజయం అన్నింటికీ ఒకే రంగు పూసేస్తుంది. ఆడని చిత్రంలో ఆ రంగుండదు. ఏ స్తంభం గట్టిది, ఏ దూలం వంగింది, ఎక్కడ మేస్త్రీ చెయ్యి తిరిగింది అన్నీ కనపడతాయి.

మంచి కథ మరుగున పడిందా, చెడ్డ కథ తగిన చోటికే చేరిందా అని తేల్చుకోవడానికి నా దగ్గర ఒక చిన్న పరీక్ష ఉంది. చిత్రం చూశాక తారల పేర్లు, పాటలు పక్కనపెట్టి, చూడని స్నేహితుడికి కథని నాలుగు వాక్యాల్లో చెప్పండి. “తర్వాత?” అని అతను అడిగాడా, కథ బతికే ఉంది. ఇంకొకటి: చివరికి మనిషి మారాడా, మారితే ఆ మార్పుని మాటల్లో చెప్పారా, మన కళ్ళకి చూపించారా? వేమన, కోటయ్య, నర్సమ్మ ముగ్గురూ ఈ పరీక్ష దర్జాగా నెగ్గుతారు. నిన్నటి వంద కోట్ల చిత్రాన్నీ ఇదే పరీక్షకి కూర్చోబెట్టి చూడండి. ఫలితం మీకే తెలుస్తుంది, నేను చెప్పి గొడవ తెచ్చుకోను!

అడిగేవాడు లేకపోతే...

ఇదంతా పాత చిత్రాల మీద మోజుతో రాస్తున్నానని అనుకోకండి. ఇందులో అసలైన నష్టం ఒకటుంది. మన మొదటి టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’ ఇవాళ చూద్దామంటే ప్రింటు లేదు. ఆ తొలి రోజుల చిత్రాలు చాలా అలాగే మాయమయ్యాయి. పూణేలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో గానీ పుట్టలేదు. డబ్బాలో రీలు దానంతటది బతకదు. తేమకి పాడవుతుంది, వేడికి ముడుచుకుపోతుంది. ఎవరో ఒకరు “అది కావాలి, చూడాలి” అని అడిగితేనే ఇంకొకరు దుమ్ము దులుపుతారు, కొత్త ప్రింటు తీస్తారు. మాయాబజార్‌కి అడిగేవాళ్ళు కోట్లమంది. యోగి వేమనకి ఎవరున్నారు?

గాండ్లపెంట కుర్రాడున్నాడు! మనం ఊహించుకున్న కుర్రాడే అయినా, అలాంటివాళ్ళు ఈ పేజీ చదివేవాళ్ళలో ఉండే ఉంటారు. ఈ ఆదివారం కొత్త బొమ్మకి టిక్కెట్టు దొరక్కపోతే దిగులుపడకండి. పాత చిత్రాలు ఇవాళ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి, కాణీ ఖర్చు లేదు. మూడింటిలో ఒకటి చూడండి. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, ఎందుకు నచ్చలేదో కూడా చెప్పండి. అది మీ సొంత జవాబు అవుతుంది. ఇంటర్వ్యూలోనైనా, టీకొట్టు దగ్గరైనా, రేపు మీరే మెగాఫోన్ పట్టుకునే రోజునైనా... అరువు తెచ్చుకున్న అభిరుచితో మొదటి షాట్ కూడా తీయలేరు!