కొన్నాక బంగారమే!

1934 జనవరి 15 మధ్యాహ్నం బీహార్ కంపించింది. ముంగేర్, ముజఫర్‌పూర్ పట్టణాలు నేలమట్టమయ్యాయి. నేపాల్‌తో కలిపి పది వేల మందికి పైగా చనిపోయారు. ఆ రోజుల్లో జమునా ప్రసాద్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఓ వింత పని పెట్టుకున్నాడు. జనం నోట నానుతున్న పుకార్లు పోగుచేశాడు. నేల గట్టిగా ఊగింది గానీ గోడకు బీటైనా పడని ఊళ్ల పుకార్లవి. చంద్రగ్రహణం నాడు మళ్లీ భూకంపం వస్తుందట. పెను తుఫాను వస్తుందట. ఇక ప్రళయమేనట.

దాదాపు ఇరవయ్యేళ్లు గడిచాక ఈ పుకార్లు అమెరికాలో లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడి కంటపడ్డాయి. ఆయనకో సందేహం వచ్చింది. క్షేమంగా బయటపడ్డవాళ్లు ఊపిరి పీల్చుకోవాలి గానీ, ఇంకా భయపెట్టే మాటలు ఎందుకు పుట్టించుకుంటారు? తిరగేసి చూస్తే జవాబు దొరికింది. భయం ముందే వేసింది. కాళ్ల కింద నేల ఊగితే వేయదా మరి? తీరా చుట్టూ చూస్తే భయపడాల్సిందేమీ కనపడలేదు. లోపల భయముంది, బయట కారణం లేదు. ఆ లోటు పుకారు తీర్చింది. ఆ భూకంపం తర్వాత కొన్నేళ్లకు డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగిపడినప్పుడు, నష్టాన్ని కళ్లారా చూసినవాళ్ల మాటల్ని దుర్గానంద్ సిన్హా సేకరిస్తే, వాటిలో రాబోయే ఘోరాల ఊసు లేదు. కారణం కళ్లెదుటే ఉంటే కల్పించుకోవడం దేనికి?

ఈ ఆలోచనే 1957లో ‘కాగ్నిటివ్ డిసొనెన్స్’ సిద్ధాంతమై పుస్తకంగా వచ్చింది. మన బుర్రలో రెండు సంగతులు ఒకదానికొకటి పొసగకపోతే లోపల ఓ గుబులు. అది పోవాలంటే రెండింట్లో ఒకటి సర్దుకోవాలి. చేసేసిన పని వెనక్కి రాదు. ఇక మిగిలింది అభిప్రాయం. అది మెత్తటిది, ఎటు వంచితే అటు వంగుతుంది. మనం మాత్రం ముందు అభిప్రాయం, దాని వెంట పని అనుకుంటూ కాలం గడిపేస్తుంటాం.

ఒక్క డాలరు మహిమ

1959లో అచ్చయిన ప్రయోగంలో ఫెస్టింగర్, కార్ల్‌స్మిత్ కలిసి స్టాన్‌ఫోర్డ్ విద్యార్థులతో గంటసేపు ప్రాణం విసిగే పని చేయించారు. దారపు కండెల్లాంటివి పన్నెండు పళ్లెంలో పేర్చడం, తీసేయడం, మళ్లీ పేర్చడం. ఆపైన బల్లకు గుచ్చిన 48 చెక్క మేకుల్ని పావు వంతు చొప్పున తిప్పుతూ పోవడం. అయ్యాక, బయట కూర్చున్న అమ్మాయికి పని భలే సరదాగా ఉందని చెప్పి రమ్మన్నారు. ఆ అబద్ధానికి కొందరికి ఒక డాలరు, కొందరికి 20 డాలర్లు. చివర్లో విడిగా కూర్చోబెట్టి, నిజం చెప్పండి, పని ఎలా ఉందని అడిగారు. మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా మార్కులు. ఏ అబద్ధమూ చెప్పనివాళ్లు సగటున మైనస్ 0.45 వేశారు. 20 డాలర్లవాళ్లు మైనస్ 0.05. ఒక్క డాలరు పుచ్చుకున్నవాళ్లు ప్లస్ 1.35!

20 డాలర్లవాడికి సాకు జేబులోనే ఉంది. డబ్బు కోసం చెప్పాను, సరిపోయింది. ఒక్క డాలరువాడికి ఆ వెసులుబాటు లేదు. ఇంత చిల్లర కోసం అబద్ధమాడే మనిషినా నేను? ఛ. అయితే పని నిజంగానే బాగుండి ఉంటుంది.

పిల్లల విషయంలోనూ ఇదే తంతు. 1963లో అచ్చయిన ప్రయోగంలో ఆరన్‌సన్, కార్ల్‌స్మిత్‌లు చిన్నపిల్లలకు ఇష్టమైన బొమ్మ చూపించి ముట్టుకోవద్దన్నారు. కొందరిని గట్టిగా బెదిరించారు, కొందరికి మెల్లగా చెప్పారు. ఎవరూ ముట్టుకోలేదు. ఆ తర్వాత అడిగితే, మెల్లగా చెప్పించుకున్నవాళ్లలో కొందరికి ఆ బొమ్మ మీద మోజే తగ్గింది. బెదిరింపు తిన్నవాళ్లకు ఏమాత్రం తగ్గలేదు. ‘తాట తీస్తా’ అంటే పిల్లాడి చేతిలోని ఫోను ఆ పూటకు పక్కన పడుతుంది, మనసు దాని మీదే ఉంటుంది.

తోడల్లుడి ప్లాటు

1968లో అచ్చయిన అధ్యయనం కోసం వాంకూవర్ గుర్రప్పందేల మైదానంలో నాక్స్, ఇంక్‌స్టర్ అనే ఇద్దరు పరిశోధకులు రెండు డాలర్ల పందెం కాసేవాళ్లను పలకరించారు. కౌంటరు దగ్గరికి వెళ్లబోయేవాళ్లు తమ గుర్రం మీద ధీమాకు ఏడుకు 3.48 మార్కులిచ్చారు. టికెట్ తీసుకుని అరనిమిషమైనా కానివాళ్లు 4.81 ఇచ్చారు. గుర్రాల్లో మార్పేమీ లేదు.

మన దగ్గర గుర్రాలకన్నా ప్లాట్లు ఎక్కువ. ఊరికి యాభై కిలోమీటర్ల అవతల వెంచర్. ఆదివారం ఏసీ బస్సులో తీసుకెళ్తారు, గేటు దగ్గర ఫౌంటెన్ చూపిస్తారు, బిర్యానీ పెడతారు. ప్రతి ఇంట్లో ఉండే బాబాయే అనుకోండి, టోకెన్ ఇచ్చేదాకా ఆయన్ను మించిన అనుమానపు మనిషి ఉండడు. లింక్ డాక్యుమెంట్లు అడుగుతాడు, ఈసీ తీయిస్తాడు, బోరు పడుతుందా అని పక్క చేలో రైతును ఆరా తీస్తాడు. రిజిస్ట్రేషన్ అయిన మర్నాటి నుంచి ఆ మనిషే వేరు. ‘‘ఊరంతా ఇటే పెరుగుతోందిరా అబ్బాయ్. రింగురోడ్డు పడిందంటే గజం ఎక్కడికి పోతుందో చూసుకో!’’ అక్కడ తుమ్మచెట్ల మధ్య నాలుగు హద్దురాళ్లు తప్ప మరేమీ లేవు. ధరలు పడిపోయాయని పేపర్లో వస్తే ఆ పేజీ తిప్పేస్తాడు. కంపెనీ వీడియోలు మాత్రం ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులన్నిట్లో వేస్తాడు. అసలు ఘట్టం ఆ తర్వాత మొదలవుతుంది. పక్క ప్లాటు తోడల్లుడి చేత కొనిపించేదాకా ఆయనకు కుదురుండదు. కమీషన్ కోసమే ఇదంతా అని పిన్ని దెప్పుతుంది గానీ, పాపం, రూపాయి ముట్టడు. ఇంకొకరు కూడా కొన్నారంటే తాను కొన్నది తప్పు కాదన్నమాట. ఆయనకు దక్కే కమీషన్ అదే.

కట్నానిదీ ఇదే దారి. నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. వరకట్నం మంచిదేనని మైకు ముందు చెప్పేవాడు ఇవాళ దొరకడు. పుచ్చుకున్న ఇంటికెళ్లి కదిలిస్తే, ‘‘మేం నోరు తెరిచి అడగలేదండీ, వాళ్లే ముచ్చటపడి అమ్మాయి పేరున పెట్టుకున్నారు’’ అంటారు. ఆ మాట అన్నవాళ్లు అబద్ధమాడుతున్నారని నేననుకోను. నమ్మే చెబుతున్నారు. చిక్కంతా అక్కడే ఉంది.

1892లో తొలిసారి రంగస్థలమెక్కిన ‘కన్యాశుల్కం’లోని గిరీశం ఈపాటికి చాలామందికి గుర్తొచ్చే ఉంటాడు. నా లెక్కలో గిరీశానికి ఈ బాధే లేదు. యాంటీ నాచ్ (భోగం మేళాలు వద్దు) అంటూ కబుర్లు చెబుతూనే వేశ్య మధురవాణి పంచన చేరినా ఆయనకు కంటి నిండా నిద్రపడుతుంది. కోస్తున్నవి కోతలని ఆయనకు తెలుసు. నిద్ర చెడేది మర్యాదస్థుడికి. తాను మంచివాణ్నని గట్టిగా నమ్మేవాడికే, చేసిన ప్రతి పనికీ ఒక మంచి కారణం కావాలి. మంచితనం మీద పట్టింపు ఎంతుంటే కారణాలు అంత పకడ్బందీగా వస్తాయి.

సిద్ధాంతానికీ పరీక్ష

ప్రపంచం 1954 డిసెంబర్ 21న మునిగిపోతుందని నమ్మిన బృందం గురించి ఫెస్టింగర్ బృందం రాసిన పుస్తకం వీటన్నిటికన్నా ప్రసిద్ధం. జోస్యం తప్పాక ఆ భక్తుల నమ్మకం ఇంకా ముదిరిందని అందులో ఉంది. అయితే పరిశోధకులే భక్తుల వేషంలో లోపల చేరి కథను కొంత నడిపించారన్న విమర్శ ఈమధ్య బలపడింది. అందుకే ఇక్కడ దాన్ని పక్కన పెట్టాను. గుబులూ గిబులూ ఏమీ లేదు, మనిషి తాను చేసిన పని చూసుకుని తన అభిప్రాయం ఇదీ అని ఊహించుకుంటాడంతే అని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డారిల్ బెమ్ 1967లోనే వాదించాడు. 2024లో 39 ప్రయోగశాలలు కలిసి ఇలాంటి ప్రయోగమే మళ్లీ చేశాయి. తమకు ఇష్టంలేని వాదన రాసినవాళ్లు అటువైపు కొంత మొగ్గిన మాట నిజమే. కానీ ఇష్టపడి రాసినా, రాయమంటే రాసినా తేడా కనపడలేదు. సిద్ధాంతం ప్రకారం కనపడాలి. కాబట్టి పని వెంట అభిప్రాయం నడుస్తుందన్నది గట్టిగానే నిలబడింది, ఎందుకు నడుస్తుందన్నదే ఇంకా తేలలేదు.

దీన్ని మంచికి వాడినవాళ్లూ ఉన్నారు. కాలిఫోర్నియాలో కరవు రోజుల్లో, శాంటా క్రజ్ విశ్వవిద్యాలయం ఈతకొలను దగ్గర అమ్మాయిలను ఆపి, తక్కువ నీళ్లతో స్నానం చేయండని ఇతరులకు చెప్పే పోస్టరు మీద సంతకం చేయించారు. అంతకుముందే వాళ్ల సొంత స్నానాల గురించి కొన్ని ప్రశ్నలడిగారు. 1992లో అచ్చయిన లెక్క ప్రకారం, ఎవరూ కదిలించనివాళ్లు షవర్ కింద దాదాపు 300 సెకన్లు ఉంటే, వీళ్లు 220 సెకన్లకే బయటికొచ్చారు. జరిమానా లేదు, ఉపన్యాసం లేదు.

మన కుర్రాడి హెల్మెట్ బండి అద్దానికి వేలాడుతుంటుంది. కెమెరా ఉన్న కూడలికి ముందు తలకెక్కుతుంది, దాటగానే దిగుతుంది. చలానా అతనికి 20 డాలర్ల లాంటిది, కారణమంతా అందులోనే ఉంది. పట్టుబడ్డ రోజున అతన్ని పక్కనున్న బడికి తీసుకెళ్లి, హెల్మెట్ ఎందుకు పెట్టుకోవాలో ఆరో తరగతి పిల్లలకు అతని చేతే చెప్పించి, బయటికొచ్చాక ఆ వారంలో ఎక్కడెక్కడికి అది లేకుండా వెళ్లాడో రాయించవచ్చు. ఏ ట్రాఫిక్ స్టేషన్‌వాళ్లయినా ఒక నెల చేసి చూడొచ్చు. అయ్యే ఖర్చు తెల్లకాగితాలే.