పర్లాకిమిడి బడిపంతులు

రాజుల చరిత్రలు, కవుల చరిత్రలు వ్రాసినవారు మనలో ఎందరో ఉన్నారు. బడిపంతుళ్ళ చరిత్రలు వ్రాసినవారు మాత్రం అరుదు. అందుకు కారణం లేకపోలేదు. ఏటేటా అవే పాఠాలు, అవే పరీక్షలు. మారేవారు పిల్లలు మాత్రమే. అందులో చెప్పదగిన విశేషమేముంటుందని లోకం అనుకుంటుంది. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారిని సైతం మనం వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగానే స్మరిస్తాము. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. కాని ఆయన ఆలోచనలన్నింటికీ మూలం ఒక చిన్న పట్టణపు బడిలో ఉన్నది. ఆ బడిపంతులును గురించి ఇక్కడ నాలుగు మాటలు చెప్పదలచాము.

రామమూర్తిగారు 1863లో శ్రీముఖలింగ క్షేత్ర సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. బాల్యంలోనే, 1875లో, తండ్రి మరణించారు. విజయనగరంలో మెట్రిక్యులేషన్ వరకు చదివారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయన సహాధ్యాయి. 1880లో, అంటే పదిహేడేండ్ల ప్రాయంలో, పర్లాకిమిడి రాజావారి బడిలో 30 రూపాయల జీతంపై ఒకటవ ఫారం పిల్లలకు చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడుగా చేరారు. పాఠాలు చెబుతూనే, ఇంటివద్ద చదువుకొని 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పరీక్షలలో కృతార్థులయ్యారు. చరిత్ర చెప్పేవానికి ఆధారాలు స్వయంగా చూచిన అనుభవం ఉండాలని కాబోలు, శాసనాల లిపి నేర్చుకొని ముఖలింగ దేవాలయంలోని శాసనాలను పరిశీలించారు. పిమ్మట ఆ విద్యాలయంలోనే కళాశాల తరగతులకు కూడ బోధించి, 1911లో ఉద్యోగ విరమణ చేశారు. మూడు దశాబ్దాలకు పైబడిన ఉద్యోగ జీవితమంతా ఆ ఒక్క పట్టణంలోనే గడిచింది.

పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలో సవరలు నివసిస్తారు. బడి ఊళ్ళోనే ఉన్నా వారి పిల్లలకు అందులో చోటు లేనట్లే ఉండేది. అక్కడి భాష వారిది కాదు. సవర భాష ముండా కుటుంబానికి చెందినది. తెలుగుతో దానికి చుట్టరికం లేదు. ఈ పిల్లలకు చదువు ఎలా చెప్పడమన్న ప్రశ్న రామమూర్తిగారికి కలిగింది. పిల్లలు మన భాష నేర్చుకొని రావాలని ఆయన అనలేదు. తామే వారి భాష నేర్చుకొనడానికి పూనుకొన్నారు. తెలుగు, సవర భాషలు రెండూ తెలిసిన ఒక వ్యక్తిని ఇంట ఉంచుకొని, కొన్ని సంవత్సరాలు శ్రమించి నేర్చుకొన్నారు. ఆ భాషలో వాచకాలు వ్రాశారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టి, అక్కడి పంతుళ్ళకు జీతాలు కూడ తామే ఇచ్చారు.

ఇంత శ్రమ దేనికని కొందరు అడుగవచ్చు. పిల్లవాడు చదువను నేర్చే తీరును గమనిస్తే ఇందుకు సమాధానం దొరుకుతుంది. పలక మీద కనబడే గుర్తు తన నోట పలికే ధ్వనియే అని తెలుసుకొనడమే తొలి మెట్టు. తెలిసిన మాట అయితే, రెండక్షరాలు కూడబలుక్కోగానే మిగిలినది వాని మనస్సే అందిస్తుంది. మాటే తెలియకపోతే అక్షరం ఒక బరువు, అర్థం మరొక బరువు. ఆ రెండూ ఒక్కసారి మోయలేక పిల్లవాడు వల్లెవేయడానికి అలవాటు పడతాడు. లేదా బడి మానుకుంటాడు. చూచేవారు వానికి బుద్ధి మందమంటారు. నిజానికి లోపం వానిలో లేదు, పుస్తకంలో ఉన్నది.

1907లో పాఠశాలల పర్యవేక్షకుడుగా వచ్చిన జె. ఏ. యేట్స్ దొర, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత భేదమెందుకని ప్రశ్నించాడు. సవర పిల్లల ఇబ్బంది ఎరిగిన రామమూర్తిగారికి ఆ ప్రశ్నలోని బరువు తెలియడానికి ఎంతోసేపు పట్టి ఉండదు. ఇంట్లో 'వెళ్ళాడు' అనే తెలుగు పిల్లవానికి బడిలో 'అరిగెను' అని నేర్పితే, సొంత భాషలోనే వాడు పరాయివాడు అవుతాడు. గురజాడవారితో కలిసి రామమూర్తిగారు ఆనాటి నుండి శిష్ట వ్యావహారికం కోసం పోరాడారు. పండితులు తీవ్రంగా ప్రతిఘటించారు. ఆయన వారి కావ్యాల నుండి, వ్యాకరణాల నుండే ఆధారాలు చూపి సమాధానం చెప్పారు. 1919లో 'తెలుగు' అనే పత్రికను నడిపారు. ఈ వాదాన్ని సాహిత్య వివాదంగా మనం చదువుకుంటాము. ఆయనకు మాత్రం అది తరగతి గది సమస్య.

ఈ కృషికి ఆయన చెల్లించిన మూల్యం సామాన్యమైనది కాదు. కొండలలో తిరిగి మలేరియా తెచ్చుకొన్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. ఇతరుల పలుకు వినడమే జీవితవ్రతంగా పెట్టుకొన్న మనిషికి అంతకు మించిన కష్టం ఏముంటుంది? అయినా పని ఆగలేదు. ఆయన రచించిన సవర భాషా వ్యాకరణాన్ని 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లోను మద్రాసు ప్రభుత్వం ప్రచురించింది. 1913లో ప్రభుత్వ బిరుదు, 1934లో కైజర్-ఇ-హింద్ పతకం లభించాయి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరడంతో, వృద్ధాప్యంలో ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకొన్నారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

రేడియో శ్రోతలమైన మనకు ఆయనతో ఒక ప్రత్యేకమైన బంధం ఉన్నది. వార్తలు గాని, వ్యవసాయదారుల కార్యక్రమం గాని, వినగానే బోధపడే తెలుగులో మన ఇంటికి చేరుతున్నాయంటే, ఆ బాట వేసినవారిలో ఈ బడిపంతులు ప్రథమగణ్యుడు. మాటలు మధ్యలో ఆపి నిఘంటువు తిరగవేయమని శ్రోతను అడిగే వీలు మాకు లేదు. తరగతిలో పిల్లవానిదీ అదే స్థితి.

ఆయన లేవనెత్తిన ప్రశ్న మాత్రం ఇంకా తీరలేదు. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో సవరతో సహా ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక విద్యా బోధన మొదలైంది. వీలైనచోట ఐదవ తరగతి వరకైనా ఇంటి భాషలోనే బోధన సాగాలని 2020 నాటి జాతీయ విద్యావిధానం సూచించింది. ఉత్తర్వులు పై నుండి వస్తాయి. వాటికి ప్రాణం పోసేది మాత్రం పలకలు దిద్దించే పంతులే. మీ ఊరి ప్రాథమిక పాఠశాలలో అటువంటివారు ఉండే ఉంటారు. మీ అబ్బాయికి ఎన్ని మార్కులు వచ్చాయని అడగడానికే కాకుండా, వానికి పాఠం ఏ మాటలలో చెబితే తెలుస్తున్నదని అడగడానికి కూడ ఒకసారి వారిని కలుసుకొనండి. ఆ ప్రశ్న విని సంతోషించని ఉపాధ్యాయుడుండడు.