గుడిమాన్యం రాతిమీద తెలుగు పద్యం

ముండ్లమూరు నుంచి తూర్పుగా పోతే అద్దంకి వస్తుంది. ఆ పేరు వినగానే ప్రోలయ వేమారెడ్డినీ, ఎర్రాప్రెగడనూ తలచుకోవడం మనకు అలవాటు. కాని వారికి దాదాపు అయిదువందల యేళ్లు ముందే తెలుగు కవిత్వానికి ఈ సీమ ఒక మహోపకారం చేసింది. అది జరిగింది రాజసభలో కాదు. ఒక దేవుడి మాన్యం పుణ్యమా అని!

క్రీ. శ. 848 ప్రాంతంలో గుణగ విజయాదిత్యుడు వేంగీ సింహాసనమెక్కాడు. ఆయన సేనాని పండరంగడు సామంతులతో దండెత్తి, పన్నెండు బోయ కొట్టాలను పట్టుకొన్నాడు. కందుకూరును బెజవాడకు సాటిగా నిలిపాడు. పిమ్మట ఆదిత్య భటారుడనే దేవరకు ఎనభై పుట్ల నేల ధారపోశాడు. ఈ సంగతంతా రాతిమీద చెక్కించారు. అదే అద్దంకి శాసనం.

దానం సంగతి వచనంలో ఉంది. విజయం సంగతి మాత్రం తరువోజ పద్యంలో ఉంది. నన్నయ భారతానికి ఇది సుమారు రెండువందల యేళ్లు పెద్ద!

తరువోజ అంటే విద్యార్థులు బెదురుతారు. నేను వారికి చెప్పే మాట ఒక్కటే: రెండు ద్విపద పాదాలు పక్కపక్కన పెట్టి చదవండి, తరువోజ పాదం నడక మీకే తెలుస్తుంది. ద్విపద మన ఆడవాళ్ల పాటల్లో ఆడుకొన్న నడకే గదా! ఆ దేశి నడకను సేనాని విజయగాథకు తగినదని ఆనాటివారు ఎంచారు. నన్నయకు ముందు తెలుగులో పద్యమే లేదనేవారికి ఈ రాయే జవాబు.

ఆ పద్యం తాటాకు మీదనే ఉండి ఉంటే ఏ చెదలో తినిపోయేవి. గుడిమాన్యానికి సాక్ష్యం కావాలి గనుక రాతికెక్కింది, మనకు దక్కింది.

అందుకే నాదొక మనవి. మన పల్లెల్లో పాత గుళ్లు బాగుచేస్తున్నారు, సంతోషమే. అయితే అక్షరాలున్న బండను మెట్టుగా పరచకండి, సున్నం పూసి పూడ్చకండి. ముందు దాని ఫొటో తీయించండి, శాసనాలు చదవగలవారికి చూపించండి. ఆ తరువాతనే తాపీపని.

ఈ ధర్మాన్ని కాపాడినవాడికి అశ్వమేధం చేసిన ఫలం దక్కుతుందని పండరంగని శాసనం చెబుతున్నది. ఆనాటి మాన్యం మన చేతిలో లేదు. రాళ్లున్నాయి. వాటిని కాపాడినా ఆ ఫలంలో మనకు పాలు ఉండకపోదు.