ఏలికపాములకు మాత్ర ఒక్కటే చాలదు
పరీక్ష అవసరం తీరిపోలేదు

న్యూఢిల్లీ: దేశంలోని పాఠశాలల్లో, అంగన్‌వాడీ కేంద్రాల్లో ఏటా కోట్లాది మంది పిల్లలచేత ఆల్బెండజోల్ మాత్ర మింగిస్తున్నారు. వారిలో ఎవరి కడుపులో పురుగులున్నాయో, ఎవరికి లేవో ముందుగా పరీక్షించడం లేదు. జబ్బు నిర్ధారణ అయిన తర్వాతే మందు ఇవ్వాలన్న సూత్రానికి ఇది మినహాయింపు. ఒక్కొక్కరికీ పరీక్ష జరపడానికయ్యే ఖర్చు మాత్ర ఖర్చును మించిపోవడం, మందు సురక్షితమైనది కావడం ఇందుకు కారణాలు. అయినప్పటికీ పరీక్ష అవసరం తీరిపోలేదు.

జాతీయ నులిపురుగుల నిర్మూలన దినోత్సవం 2015లో ప్రారంభమైంది. ఏడాది నుంచి 19 ఏళ్ల వయసు వారికి 400 మిల్లీగ్రాముల మాత్రను, రెండేళ్ల లోపు వారికి అందులో సగాన్ని పొడిచేసి నీటితో ఇస్తారు. భారతదేశంలో 14 ఏళ్ల లోపు పిల్లలు సుమారు 24 కోట్ల మందికి ఈ పురుగుల ముప్పు ఉన్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ గతంలో అంచనా వేసింది. ఏలికపాములు, కొరడా పురుగులు, కొంకి పురుగులు ఈ కోవలోనివే.

మొదట ఊపిరితిత్తులకు

ఏలికపాము గుడ్లు మట్టి అంటిన చేతుల ద్వారా, సరిగా కడగని కూరగాయల ద్వారా నోటిలోకి చేరతాయి. చిన్నపేగులో పొదిగిన లార్వాలు నేరుగా అక్కడే స్థిరపడవు. రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరి, గొంతులోకి పాకి, మళ్లీ మింగుడుపడి పేగుకు వస్తాయి. ఈ ప్రయాణం ముగిసి ఆడ పురుగు గుడ్లు పెట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆలోగా రోగికి దగ్గు, ఆయాసం రావచ్చు, రక్తంలో ఇసినోఫిల్ కణాలు పెరగవచ్చు. కానీ మలపరీక్షలో ఏమీ కనిపించదు.

ఎదిగిన ఆడ పురుగు రోజుకు 2 లక్షల దాకా గుడ్లు పెడుతుంది. వాటిని సూక్ష్మదర్శినితో గుర్తించడమే నేటికీ ప్రధాన పరీక్ష. జపాన్ శాస్త్రజ్ఞులు 1954లో రూపొందించగా, 1972లో బ్రెజిల్‌లో మెరుగుపరచిన కాటో-కట్జ్ పద్ధతిలో జల్లెడ పట్టిన 41.7 మిల్లీగ్రాముల మలాన్ని గాజు పలకపై ఉంచి, గ్లిజరిన్‌లో నానిన సెల్లోఫేన్ ముక్కతో కప్పుతారు. లెక్కించిన గుడ్ల సంఖ్యను 24తో హెచ్చిస్తే ఒక గ్రాములో ఎన్ని ఉన్నాయో తేలుతుంది. ఆ సంఖ్య 5 వేల లోపు ఉంటే స్వల్పంగా, 50 వేలు, ఆపై ఉంటే తీవ్రంగా సోకినట్లు లెక్క.

ఈ పరీక్షకూ పరిమితులున్నాయి. కడుపులో మగ పురుగులు మాత్రమే ఉంటే గుడ్లే ఉండవు. పురుగులు తక్కువగా ఉన్నప్పుడు ఒక్క నమూనాలో గుడ్లు దొరకకపోవచ్చు. నులిపురుగులైతే మలద్వారం చుట్టూ గుడ్లు పెడతాయి గనుక మలపరీక్షలో తరచు దొరకవు. తెల్లవారగానే, స్నానానికి ముందే, అక్కడ పారదర్శకమైన టేపు అంటించి తీసి పరీక్షిస్తారు.

కాశ్మీర్ అనుభవం

పురుగు పేగులోనే ఉండిపోతుందన్న భరోసా లేదు. పైకి పాకి పిత్తవాహికలోకి దూరితే పిత్తాశయంలో రాళ్లను తలపించే నొప్పి, కామెర్లు వస్తాయి. క్లోమ గ్రంథి వాచిపోవచ్చు. శ్రీనగర్‌లో ఎం. ఎస్. ఖురూ, ఆయన సహచరులు ఇలాంటి 500 మంది రోగుల వివరాలను 1990లో 'లాన్సెట్' పత్రికలో ప్రచురించారు. ఇటువంటి రోగులకు మలపరీక్ష ఒక్కటే సరిపోదు. అల్ట్రాసౌండ్‌లో పిత్తవాహిక లోపల పొడవాటి గీతలుగా, కొన్నిసార్లు కదులుతూ పురుగు కనిపిస్తుంది. అవసరమైతే ఎండోస్కోపీతో బయటకు తీస్తారు. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, కడుపు ఉబ్బరం ఉన్న బిడ్డను మాత్రల పంపిణీ రోజు వచ్చేదాకా ఇంట్లో ఉంచరాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇక సామూహిక పంపిణీ ఎక్కడ, ఎన్నిసార్లు జరపాలన్నది తేల్చేది కూడా పరీక్షలే. నూటికి 20 మంది, అంతకు మించి సోకిన ప్రాంతాల్లో ఏడాదికి ఒకసారి, 50 మందికి మించితే రెండుసార్లు మందు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మందు ఫలితమిచ్చి పురుగులు తగ్గే కొద్దీ సూక్ష్మదర్శినికి దొరికే గుడ్లూ తగ్గుతాయి. సరిగ్గా కార్యక్రమం ఫలితాన్ని బేరీజు వేయవలసిన దశలోనే పాత పరీక్ష బలహీనపడుతుంది. అందుకే పురుగుల డీఎన్ఏను గుర్తించే పీసీఆర్ పరీక్షలపై శాస్త్రజ్ఞులు దృష్టి సారించారు. అయితే వాటికి ఖర్చు, ప్రయోగశాల సదుపాయాలు ఎక్కువ కావాలి.

మాత్ర కడుపులోని పురుగును చంపుతుందే గాని మట్టిలోని గుడ్డును చంపదు. అనుకూల పరిస్థితుల్లో ఆ గుడ్లు ఏళ్ల తరబడి సజీవంగా ఉంటాయి. మరుగుదొడ్డి, పరిశుభ్రమైన నీరు, సబ్బుతో చేతులు కడుక్కునే అలవాటు లేనిచోట మందు మింగిన బిడ్డకే కొన్ని నెలల్లో పురుగులు తిరిగి సోకుతాయి.