నమలుట - నోరూరుట

చింతకాయ పేరు వినినంతనే నోరూరుట అందరికిని అనుభవమే. ఊరిన ఆ నీటిని మ్రింగుటయో ఉమ్మివేయుటయో తప్ప, అది నోటిలో చేయుచున్న పని యెట్టిదని ఆలోచించువారు అరుదు. ఆరోగ్యవంతునికి దినమునకు అర లీటరు మొదలు లీటరున్నర వరకు లాలాజలము ఊరునని శాస్త్రజ్ఞుల అంచనా. అందులో నూటికి 99 పాళ్లు నీరే. మిగిలిన ఆ కొద్ది పాలులోని లవణములు దంతములకు పెట్టని కోట. చ్యూయింగ్ గమ్ నమలుట పళ్లకు మంచిదా, చెడ్డదా అను ప్రశ్నకు జవాబు గమ్ములో కంటె ఈ లాలాజలములోనే వెదకవలసి యున్నది.

దంతముపై నున్న పింగాణి పొర మన దేహములోని పదార్థములన్నిటిలోను గట్టిది. కాల్షియం, ఫాస్ఫేట్‌లు కలిసిన స్ఫటికములతో అది ఏర్పడినది. అంత గట్టి పదార్థమును ఆమ్లమునకు లొంగును. ఈ ఆమ్లము బయటినుండియే రానక్కరలేదు, నోటిలోనే తయారగుచుండును. పళ్లను అంటిపెట్టుకొని యుండు పాచిని చాలమంది ఆహారపు మడ్డి యని తలంతురు. నిజమునకది బాక్టీరియాల కాపురము. 1924లో క్లార్క్ అను శాస్త్రజ్ఞుడు పిప్పిపళ్లనుండి వేరుచేసి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అని పేరిడిన జీవి ఈ కాపురస్థులలో ముఖ్యమైనది. మనము తినిన చక్కెరలో తమ పాలు తాము తీసికొని, ఇవి లాక్టిక్ ఆమ్లమును విడుచును.

ఆ ఆమ్లము ఎంత వేగముగా పుట్టునో 1940 ప్రాంతమున అమెరికాలో రాబర్ట్ స్టీఫన్ కొలిచి చూపెను. గ్లూకోజు నీటితో నోరు పుక్కిలింపజేసి, పాచిలోని పి.హెచ్. విలువను మాటిమాటికి కొలువగా, కొద్ది నిమిషములలోనే అది దిగజారెను. తిరిగి పూర్వస్థితికి వచ్చుటకు అరగంట మొదలు గంట వరకు పట్టెను. గ్రాఫు కాగితముపై గుంటవలె కనబడు ఈ గీతకు స్టీఫన్ వక్రరేఖ యని పేరు. పి.హెచ్. సుమారు 5.5 కంటె దిగువకు పోయినచో పింగాణి కరగ నారంభించును. కనుక ఒకేసారి తినివేసిన నాలుగు మిఠాయి బిళ్లల కంటె, అరగంటకొకటి చొప్పున చప్పరించిన నాలుగు బిళ్లలు పళ్లకు ఎక్కువ కీడు చేయును. ఒక గుంట పూడక మునుపే మరియొక గుంట పడుచుండును గదా!

ఈ గుంటను పూడ్చునది లాలాజలమే. అది మిగిలిన చక్కెరను కడిగివేయును. అందలి బైకార్బొనేట్ ఆమ్లమును తటస్థీకరించును. అందలి కాల్షియం, ఫాస్ఫేట్‌లు కరగ నారంభించిన పింగాణిలోనికి తిరిగి చేరి, దానిని బాగుచేయును. రంధ్రము పడిన పిమ్మట మాత్రము ఈ మరమ్మతు సాగదు. అప్పుడు దంతవైద్యుడే దిక్కు.

ఊరకున్నపుడు లాలాజలము నిమిషమునకు సుమారు మిల్లీలీటరులో మూడవ వంతు మాత్రమే ఊరును. నిద్రలో దాదాపు నిలిచిపోవును. రాత్రి తీపి తిని, పళ్లు తోముకొనక పరుండుట హానికరమగుటకు కారణమిదియే. నమలుట మొదలిడినంతనే, దంతమూలముల చుట్టునున్న నాడుల కొనలు ఒత్తిడిని, నాలుక రుచిని మెదడునకు తెలియజేయును. అచ్చటినుండి చెవుల ముందు, దవడ క్రింద, నాలుక క్రింద జతలుగా నున్న గ్రంథులకు ఆజ్ఞ వెళ్లును. గమ్ము నోట వేసికొనిన మొదటి ఒకటి రెండు నిమిషములలో లాలాజలము పది రెట్ల వరకు హెచ్చవచ్చును. రుచి తగ్గిన కొలది ప్రవాహమును తగ్గును గాని, 20 నిమిషముల తరువాత కూడ విశ్రాంతిగా నున్నప్పటి కంటె రెండు మూడు రెట్లుండును. ఇచ్చట ఒక విశేషము గమనింపదగినది. ద్రవము పరిమాణము పెరిగినచో పలుచబడునని మనము అనుకొందుము. లాలాజలము విషయములో అట్లు కాదు. అది వేగముగా ఊరిన కొలది అందు బైకార్బొనేట్ పాలు పెరిగి, ఆమ్లమును అణచు శక్తి హెచ్చును.

నమలుటకు ఏదో యొక వస్తువు కావలెను. చ్యూయింగ్ గమ్ పూర్వము సపోటా చెట్టునుండి వచ్చిన సరుకే. మెక్సికో, మధ్య అమెరికా అడవులలో ఈ చెట్లకు గాట్లు పెట్టి తీసిన పాలను కాచి గట్టిపరచినచో చికిల్ అను జిగురు వచ్చును. పచ్చి సపోటాకాయ కొరికి పెదవులు అంటుకొనిన వారికి ఈ జిగురును వేరుగా పరిచయము చేయనక్కరలేదు. న్యూయార్కులో థామస్ ఆడమ్స్ దీనితో రబ్బరు చేయబోయి, అది కుదరక, నమలు సరుకుగా మార్చి 1871లో పేటెంటు పొందెను. నేడు చికిల్ స్థానమును చాలవరకు కృత్రిమ పాలిమర్లు ఆక్రమించినవి.

చక్కెర కలిపిన గమ్ము తొడ గిల్లి జోల పాడుట వంటిది. ఒకవైపు బాక్టీరియాకు మేత వేయుచు, మరియొకవైపు ఆమ్లమును కడుగు నీటిని రప్పించును. అందుచేత చక్కెరకు బదులు సార్బిటాల్, జైలిటాల్ వంటి తీపి పదార్థములు వాడుకలోనికి వచ్చినవి. జైలిటాల్‌ను భూర్జ వృక్షపు కలపనుండి తీయవచ్చును. ఫిన్లండులోని టుర్కు నగరమున షైనిన్, మాకినెన్ అను శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించిరి. రెండు సంవత్సరములు ఒక జట్టు చక్కెరను, ఒక జట్టు ఫ్రక్టోజును, ఒక జట్టు జైలిటాల్‌ను తినెను. మరియొక పరిశోధనలో ఒక సంవత్సరము చక్కెర గమ్మును, జైలిటాల్ గమ్మును పోల్చిరి. 1975లో వెలువడిన ఫలితములలో జైలిటాల్ వారికి క్రొత్త పిప్పిపళ్లు చాల తక్కువ.

ఈ ఘనత జైలిటాల్‌దా, నమలుటదా? అప్పటినుండియు సాగుచున్న తగవు ఇది. 2015లో కొక్రేన్ సమీక్షకులు పరిశోధనలను తరచి చూచి, జైలిటాల్ గమ్ము, మిఠాయిలు పిప్పిపళ్లను ఆపునని తేల్చి చెప్పుటకు సాక్ష్యము చాలదనిరి. కాని చక్కెర లేని గమ్మును భోజనానంతరము 20 నిమిషములు నమలినచో స్టీఫన్ గుంట త్వరగా పూడుననుట పలుమార్లు రుజువైనది. గొప్పలో పెద్ద పాలు లాలాజలమునకే చెందవలెననుట న్యాయము.

అట్లని పళ్లు తోముట మానరాదు. చిగుళ్ల అంచులలోను, పంటి సందులలోను ఉన్న పాచిని గమ్ము తీయజాలదు. ఫ్లోరైడు గల పేస్టు చేయు పనిని చేయజాలదు. దవడ కీలు నొప్పి గలవారు దాని జోలికి పోకుండుట మేలు. సార్బిటాల్ మితిమీరినచో విరేచనములగును. జైలిటాల్ కుక్కలకు విషము. ఇంట కుక్క నున్నచో ఆ బిళ్లలను అందుబాటులో ఉంచరాదు.

నమలుటయే మేలైనచో తాంబూలము మాటేమని తరగతిలో తప్పక ఎవరో ఒకరు అడుగుదురు. వక్క నమలినను నోరూరును, నిజమే. కాని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో వక్కను మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థముగా ప్రకటించినది. పొగాకు లేని తాంబూలమునకును ఇదియే తీర్పు. వక్క అలవాటు వలన బుగ్గల లోపలి పొర బిగిసి, నోరు తెరుచుట కష్టమగు జబ్బు కూడ వచ్చును. ఊరిన లాలాజలము పంటికి చేయు మేలు ఈ కీడు ముందు లెక్కలోనికి రాదు.

లాలాజలపు ప్రవాహమును పాఠశాలలోనే కొలువవచ్చును. విద్యార్థి కదలక కూర్చుండి, ఊరినదానిని మ్రింగక, 5 నిమిషములు ఒక కొలజాడీలో ఉమ్మవలెను. పిదప చక్కెర లేని గమ్మును నమలుచు మరి 5 నిమిషములు వేరొక జాడీలో ఉమ్మవలెను. నురుగు అణగిన తరువాత మిల్లీలీటర్లు చూచి, 5 చేత భాగించినచో నిమిషపు ప్రవాహము తెలియును, పి.హెచ్. కాగితము దొరికినచో రెంటిని పోల్చవచ్చును. ఎవరి జాడీలు వారివే కావలెను. ప్రయోగమును మధ్యాహ్న భోజనమునకు ముందు పెట్టుకొనరాదు. వంటశాలనుండి పులుసు వాసన వచ్చినచో మొదటి జాడీ లెక్క తప్పవచ్చును.